చెవికి చేరు దారులు రెండు

జేబులో ఇమిడెడి పాటల పెట్టెకు నేడు రెండు రంధ్రములు వచ్చినవి. ఒకటి అందరెరిగిన 3.5 మిల్లీమీటర్లది, రెండవది బ్యాలెన్స్‌డ్ అను పేర హెచ్చు ధర పలుకు 4.4 మిల్లీమీటర్లది. ద్వారం వారి వాయులీనమును, బొబ్బిలి వీణను, తప్పెటగుళ్ళను వినగోరు ఉత్తరాంధ్ర శ్రోతకు ఈ రెంటిలో దేనివలన మేలు?

జేబులోని సంగీతశాల

విజయనగరపు సంగీతమును గూర్చి ఎవరు మాట యెత్తినను ఆ మాట 1919వ సంవత్సరమునకు చేరక మానదు. ఆ యేట మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాలను స్థాపించి, అజ్జాడలో పుట్టి హరికథా పితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసు గారిని దానికి ప్రథమాధ్యక్షునిగా నిలిపెను; చూపు మందమగుటచే బడిచదువు సాగక, బ్రతుకునెల్ల నాలుగు తంత్రులకు అప్పగించిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారు ఆ యేటనే అచట వాయులీనాచార్యులై, 1936లో దాసుగారి పీఠమును అధిష్ఠించిరి. కృష్ణా జిల్లా నుండి వచ్చి, ఈ ఊరి వీధులలో మధుకరమెత్తి, సాలూరి పట్రాయని సీతారామశాస్త్రి గారి వాత్సల్యమున విద్య గడించిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారును, ఈ ఊరనే పుట్టి ఈ కళాశాలయందే చదివిన పి. సుశీల గారును ఆ పరంపరలోని వారే.

ఆ నాదము కళాశాల గోడలు దాటి ఇంటింటికి చేరిన చరిత్రము యంత్రముల చరిత్రము కూడ. నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు ఒక్కొక్క వైపున మూడు నిమిషముల పైచిలుకు మాత్రమే పాడగల లక్క పలకలు మొదట వచ్చినవి. కలకత్తా చేరువనున్న దమ్‌దమ్‌లో 1928 నుండి గ్రామఫోను కంపెనీ కర్మాగారము ఈ పలకలను దేశమంతటికిని అచ్చొత్తి పంపెను. పిదప రేడియో, 1963లో విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము, ఆ వెనుక క్యాసెట్టు. 1979 జూలైలో జపాను దేశపు సోనీ సంస్థ వాక్‌మన్ అను చిన్న పెట్టెను విడుదల చేసినది మొదలు సంగీతము గది విడిచి మనిషి వెంట నడువజొచ్చెను. ఆ తొలి వాక్‌మన్‌కు హెడ్‌ఫోను రంధ్రములు రెండు; ఇద్దరు మిత్రులు కలిసి ఒకే పాట వినవచ్చునని వాని ఉద్దేశము. నేటి ప్లేయరుకును రంధ్రములు రెండే, గాని రెండును ఒక్కని కొరకే. ఇద్దరికి రెండని ఏర్పరచినది ఒక్కనికి రెండైన ఈ పరిణామమునందే ప్రస్తుత విచారణకు మూలమున్నది.

పలాస నుండి విజయనగరమునకు, విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయగడకు పోవు రైళ్ళలో కిటికీ ప్రక్కన కూర్చున్న యువకుల చెవులను గమనించినచో, పెక్కింట తీగలేని బ్లూటూత్ గుళికలే కానవచ్చును. 2016లో ఐఫోన్ 7 పాత రంధ్రమును త్యజించినది మొదలు తక్కిన ఫోనులును ఒక్కటొక్కటిగా ఆ త్రోవనే పట్టినవి. అయినను తీగ మీద మమకారము పోని శ్రోతలు కొందరు గలరు. ప్రత్యేకముగ సంగీతమునకే చేసిన ప్లేయరునో, ఫోను అడుగున తగిలించు డాంగిల్ అను చిన్న తునకనో కొని, వారు తమ తాతల నాటి పలకల నకళ్ళను, తమ ఊరి జాతరలో తామే రికార్డు చేసికొన్న పాటలను ఒద్దికగ వినుచుందురు. దుకాణము వాడు "బ్యాలెన్స్‌డ్ తీసుకోండి సార్, సౌండే వేరు" అని పలుకునపుడు చిక్కులో పడువారు వీరే.

మూడు ముక్కల పిన్ను, ఐదు ముక్కల పిన్ను

పిన్నును చేతబట్టి వెలుతురునకు పట్టి చూచినచో దాని శరీరమున నల్లని గీతలు కనబడును. లోహమును ముక్కలుగ వేరుపరచు నిరోధక వలయములే ఆ గీతలు. సాధారణమగు 3.5 పిన్నునకు గీతలు రెండు, అనగా లోహపు ముక్కలు మూడు: కొన ఎడమ చెవికి, నడిమి వలయము కుడి చెవికి, మొదలి భాగము ఉభయులకును ఉమ్మడిగ. పాట అనునది విద్యుత్ప్రవాహ రూపమున ఎడమ తీగ వెంట ఎడమ చెవికి, కుడి తీగ వెంట కుడి చెవికి పోయి, తిరుగు ప్రయాణమున మాత్రము ఆ రెండు ప్రవాహములును ఒక్క మొదలి ముక్కయందే కలిసి పెట్టెలోనికి మరలును. సింగిల్ ఎండెడ్ అను పేరుగల ఏర్పాటు ఇదియే. దీని పూర్వజము పందొమ్మిదవ శతాబ్ది చివర టెలిఫోను ఎక్స్ఛేంజీలలో తీగలు మార్చి గుచ్చుటకు వాడిన లావుపాటి పిన్ను. నేటికిని స్టూడియోలలోను, వేదికల మీదను పావు అంగుళపు రూపమున అది సజీవముగనే యున్నది.

బ్యాలెన్స్‌డ్ ఏర్పాటునందు రాక పోకలు రెండును ఎవరివి వారికే. ఎడమ చెవికి రెండు తీగలు, కుడి చెవికి రెండు తీగలు. ఉమ్మడి యన్నది లేదు. 2014లో ఆస్టెల్ అండ్ కెర్న్ వారి ప్లేయరు ఇందుకై 2.5 మిల్లీమీటర్ల సన్నని పిన్నును ప్రచారములోనికి తెచ్చినది గాని, ఆ పిన్ను నాజూకుదనమే దానికి శత్రువయ్యెను. జేబులో వంగి విరుగుట దానికి సహజము. 2016లో జపాను ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘము 4.4 మిల్లీమీటర్ల పిన్నును ప్రమాణముగ నిర్ణయింపగా, ఆ యేటనే సోనీ తన ప్లేయర్లలో దానిని అమర్చెను. దీనికి నల్లని గీతలు నాలుగు, లోహపు ముక్కలు ఐదు: ఎడమకు రెండు, కుడికి రెండు, భూమితీగకు మొదలిది.

శ్రీకాకుళము వారికి ఈ భేదము తెలియుటకు వారి నదులే చాలును. నాగావళి కళ్ళేపల్లి కడను, వంశధార కళింగపట్టణము కడను వేర్వేరుగ సముద్రమున కలియును. ఒకదాని వరద రెండవదాని ముఖద్వారమును ముంపదు. అట్లుగాక రెండును తీరమునకు ముందే ఒక్క సన్నని పాయలో కలిసినవనుకొన్నచో, నాగావళి పొంగినపుడు వంశధార నీటిమట్టమును ఎగదన్నుట తప్పదు. ఉమ్మడి తీగలో జరుగునది అదియే. విచారింపవలసినదెల్ల ఆ ఎగదన్ను ఎంత యన్నదే.

గాయకుడు మాయమైన పాట

లెక్క పెద్దది కాదు. హెడ్‌ఫోను నిరోధము 32 ఓములనియు, ఉమ్మడి దారి నిరోధము ఓములో పదవ వంతనియు అనుకొన్నచో, ఒక చెవి పాటలో ఇంచుమించు 320వ వంతు రెండవ చెవిలోనికి చొచ్చును. డెసిబెల్ కొలతలో అది అసలు పాట కన్న 50 తక్కువ. ఎడమ వాద్యము గట్టిగ మ్రోగుచుండగా కుడి చెవిలో వినబడు ఆ ఛాయను వేరుచేసి గుర్తించుట మిక్కిలి శ్రద్ధగల చెవికిని దుష్కరము. ఇందులో మరియొక విశేషము కలదు. ఆ చొరబాటు తలక్రిందులైన రూపమున జరుగుటచే, ఉభయ చెవులకు సమానమగు ధ్వనిని అది ఇసుమంత తగ్గించును గాని, ఇరు చెవులకును గల భేదమును తగ్గింపదు; కావున ఉమ్మడి తీగ వలన పాట ఇరుకగునని విక్రయశాలలలో వినబడు మాటకు శాస్త్రమున ఆధారము లేదు.

అయితే ఉమ్మడి దారి ఎల్లప్పుడును ఓములో పదవ వంతుగనే యుండదు. భావనపాడు, కళింగపట్టణము, భీమునిపట్టణము వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలి లోహము మీద చేయు పని ఇంటి తలుపు గొళ్ళెములకు తెలియును. పిన్నునకు, రంధ్రములోని మెత్తని స్ప్రింగు రేకులకు అది మినహాయింపు చూపదు. చిలుము పట్టిన ఉమ్మడి స్పర్శ యందు నిరోధము పదవ వంతు నుండి ఒకటి రెండు ఓములకు ఎగబ్రాకినచో, చొరబాటు 50 నుండి 30, 25 డెసిబెల్స్ దాపునకు వచ్చి వినికిడిలోనికి దిగును. ఆ స్పర్శ పూర్తిగ తెగినచో జరుగు వింత క్యాసెట్టు తరము వారందరికిని అనుభవమే: పిన్ను సగము బయటికి వచ్చినపుడు వాద్యబృందము ఏదో బావిలో నుండి వచ్చినట్లు మ్రోగుచుండును గాని, పాడుచున్న మనిషి మాత్రము మాయమగును. తిరుగు దారి లేక రెండు చెవుల చుట్టలును వరుసగ ముడివడి, ఇరువైపులకును సమానమైనది పరస్పరము రద్దయి, భేదము మాత్రమే మిగులుట దీనికి కారణము. గాయకుని కంఠమును నట్టనడుమ నిలుపుట రికార్డింగు సంప్రదాయము గనుక ముందుగ రద్దగునది ఆ కంఠమే.

బ్యాలెన్స్‌డ్ తీగయందు ఈ రుగ్మత పుట్టదు. ఒక స్పర్శ చెడినచో ఆ చెవి ఒక్కటియే మూగవోవును, రెండవది నిక్షేపముగ పాడుచునే యుండును. పిన్ను లావుగ, దృఢముగ నుండుట అదనపు మేలు. ఐనను సముద్రతీరవాసికి ఇంతకన్న చవుకైన చికిత్స కలదు: నెలకొకమారు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన దూదితో పిన్నును తుడిచి, ఆరిన పిమ్మట రంధ్రములో నాలుగైదు మార్లు త్రిప్పుట.

ఒక్క నాదమునకు రెండు దారులేల?

ఇప్పుడు ద్వారం వారి వాయులీనమునకు వత్తము. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అయి, 1964 నవంబరులో దివంగతుడైన ఆ మహనీయుని వాదనమున మనకు దక్కినది ముఖ్యముగ 78 చుట్ల పలకల మీదను, రేడియో టేపుల మీదను నిలిచినదే. ఇంగ్లండునందు ఆలన్ బ్లమ్‌లైన్ స్టీరియో విధానమునకు 1931లోనే పేటెంటు కొరకు దరఖాస్తు చేసినను, స్టీరియో పలకలు విపణికి వచ్చుట 1957-58 వరకు జరుగలేదు. మన దేశమున అవి వ్యాప్తి చెందుట మరింత ఆలస్యము. కనుక ద్వారం వారి పలకలును, ఘంటసాల, సుశీల గార్లు 1950, 60 దశకములలో పాడిన సినిమా పాటలును మోనో. అనగా ఎడమ చెవికి ఏది చేరునో కుడి చెవికిని అక్షరాల అదియే చేరును.

ఇక్కడ బ్యాలెన్స్‌డ్ పక్షపు ప్రధాన వాదము తనంత తానే నిలిచిపోవును. ఎడమ కుడుల కలయికను నివారించుట గొప్ప గుణమే గాని, కలియుటకు వేరైనవి రెండుండవలెను గదా! ఉభయత్ర ఒకే నాదము ప్రవహించుచుండగా ఉమ్మడి తీగ చేయగలిగినదెల్ల ఆ నాదమును ఇరుచెవులలోను సమముగ ఇసుమంత తగ్గించుటయే. పై లెక్క ప్రకారము ఆ తగ్గుదల డెసిబెల్‌లో ఇరువదవ వంతు. వాయులీనపు కమాను మీద ద్వారం వారు చూపిన నిండుదనము, దీర్ఘస్వరమును ఊపిరి విడువకుండ నడిపిన తీరు, ఏ పిన్ను ద్వారా వచ్చినను అంతియే వచ్చును. ఆ పలకను నకలు తీసినవాడు తగిన సూదిని వాడెనా, వేగమును సరిగ నిర్ణయించి శ్రుతిని నిలిపెనా, రాపిడిరొదను తొలగించు ఉత్సాహమున కమాను గరగరను కూడ తుడిచివేసెనా యన్న ప్రశ్నలలో శ్రోత భాగ్యమున నూటికి తొంబది పాళ్ళున్నది. పలక వేగమున నూటికి ఆరు పాళ్ళ తేడా వచ్చినచో శ్రుతి ఒక అర్ధస్వరము జారును. ఏ రంధ్రమును దానిని సరిదిద్దజాలదు.

వీణ తీగె చివర

బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశపు శిల్పులు పనస దుంగను తొలిచి వీణ చేయుదురు. కుండ, దండి వేరు వేరుగ చెక్కి అతుకక ఒక్క మ్రానునందే మలచిన వీణను ఏకాండి యందురు. మైనపు పట్టు మీద 24 మెట్లు నిలిపి, ఏడు తంత్రులు బిగించి, ఒక తంత్రిని మీటి చెవి యొగ్గినచో, మీటు మ్రోత క్షణమాత్రమే. పిదప వచ్చునది దీర్ఘముగ సన్నగిలుచు పోవు అనురణనము. గమకమెల్ల ఆ సన్నగిలు భాగమునందే పలుకును. ఇట్టి వాద్యమునకు హెడ్‌ఫోను విషయమున కావలసిన మొదటి గుణము బలము కాదు, నిశ్శబ్దము.

బ్యాలెన్స్‌డ్ రంధ్రము వెనుక ప్రతి చెవికిని యాంప్లిఫయర్లు రెండు: ఒకటి పాటను ఉన్నదున్నట్లు, రెండవది తలక్రిందులుగ ఇచ్చును, చెవిలోని చుట్ట ఆ రెంటి భేదమును గ్రహించును. పాట బలము రెట్టింపగును. యాంప్లిఫయర్ల సహజమైన సన్నని బుస కూడ రెట్టింపు కాకున్నను ఒకటిన్నర రెట్లకు చేరువ, అనగా 3 డెసిబెల్స్ హెచ్చును. పెద్ద హెడ్‌ఫోనున ఇది వినబడదు. చెవిలో దూర్చుకొను సున్నితమైన ఇయర్‌ఫోనున మాత్రము, నిశ్శబ్దముగ నుండవలసిన చోట సుయ్యిమను రొద వినవచ్చి, వీణ అనురణనపు చివరి అంచును కప్పివేయవచ్చును. మిల్లీవాట్టునకు 110 డెసిబెల్స్ పలుకు 16 ఓముల ఇయర్‌ఫోను 90 డెసిబెల్స్ పలుకుటకు వోల్టులో ఇంచుమించు 80వ వంతు చాలును. అట్టిదానికి నాలుగు వోల్టులిచ్చు రంధ్రము కట్టబెట్టుట వలన లాభమేమి?

మరియొక సూక్ష్మమున్నది. యాంప్లిఫయర్లు రెండగుటచే వాని అంతర్నిరోధమును రెట్టింపగును. ఒక్కొక్క చెవిలో నాలుగైదు చిన్న పలుకు యంత్రములున్న ఇయర్‌ఫోనుల నిరోధము స్వరస్థాయిని బట్టి మారుచుండును గనుక, ప్లేయరు నిరోధము హెడ్‌ఫోను నిరోధములో ఎనిమిదవ వంతును మించినచో స్వరవర్ణమే మారిపోవును. అట్లు మారిన ధ్వనిని "బ్యాలెన్స్‌డ్ గొప్ప" అని కొందరు మెచ్చుకొనుటయు కద్దు. వారు మెచ్చినది స్పష్టతను గాదు, మార్పును.

తప్పెట రొమ్మున మ్రోగినపుడు

ఈ రంధ్రము నిజముగ గెలుచు చోటు లేదా? కలదు, దానిని చూపగలవి తప్పెటగుళ్ళు. శ్రీకాకుళ విజయనగర మండలములలో యాదవులు తరతరములుగ ప్రదర్శించు ఈ కళయందు, రేకు తప్పెటలను రొమ్మున కట్టి, కాళ్ళ గజ్జెలు ఘల్లుమన, పది పదిహేను మంది వలయముగ తిరుగుచు గంగమ్మ కథను పాడుదురు. ఆ వలయమునకు ఎదుట రెండు మైకులు నిలిపి ఎవరైన స్టీరియోగా రికార్డు చేసినచో, గజ్జెల వరుస ఎడమ నుండి కుడికి సాగిపోవుట చెవికి కనబడును. అంతకన్న ముఖ్యము, మధ్యమధ్య పడు దెబ్బ. గాయకుని మాటకును తప్పెట దెబ్బకును నడుమ 20 డెసిబెల్స్ అంతరముండుట వింత కాదు. 20 డెసిబెల్స్ అనగా శక్తిలో నూరు రెట్లు. మాటను హాయిగ వినిపించు యాంప్లిఫయరు ఆ దెబ్బ క్షణమున చాలక తల నరికినట్లు తరంగశిఖరమును కత్తిరించివేయును; రేకు మ్రోత పగిలిన డబ్బా మ్రోతయగును.

జేబులోని పెట్టెకు ఈ దారిద్ర్యము సహజము. దాని ప్రాణము 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ. దానినుండి పిండదగిన వోల్టేజికి పరిమితి కలదు. రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురుగ లాగినపుడు అదే బ్యాటరీ మీద వోల్టేజి రెట్టింపై, ప్రవాహము చాలినచో శక్తి నాలుగు రెట్లగును. ఇది కాగితపు లెక్క మాత్రమే కాదు: సోనీ ఎన్‌డబ్ల్యూ-డబ్ల్యూఎం1ఏ ప్లేయరు 16 ఓముల హెడ్‌ఫోనునకు 3.5 రంధ్రమున చెవి ఒక్కింటికి 60 మిల్లీవాట్టులు, 4.4 రంధ్రమున 250 మిల్లీవాట్టులు ఇచ్చునని తయారీదారులే ప్రకటించిరి. గోడ కరెంటు మీద నడచు బల్లమీది యాంప్లిఫయరునకు ఈ ఉపాయముతో అంత పని లేదు; జేబు యంత్రమునకే ఇది ఉచితమైన ఉపాయము.

ఒక ఉదాహరణము. సెన్‌హైజర్ హెచ్‌డి 650 అను పేరుపడ్డ హెడ్‌ఫోను 300 ఓములది. ఒక వోల్టునకు 103 డెసిబెల్స్ పలుకును. తప్పెట దెబ్బ 110 డెసిబెల్స్ శిఖరమునకు చేరవలెనన్న 2.2 వోల్టులు కావలెను. ఒక్క వోల్టు మాత్రమే ఇచ్చు చిన్న డాంగిల్ ఇచట చాలదు. రెండు వోల్టులది అంచున నిలుచును. బ్యాలెన్స్‌డ్ రంధ్రమున నాలుగు వోల్టులిచ్చునది సునాయాసముగ దాటించును. పెద్ద అయస్కాంతపు పలకలతో చేసిన ప్లేనార్ హెడ్‌ఫోనులు అధిక ప్రవాహమును కోరును గనుక వానికిని ఈ బలము పనికివచ్చును. బ్యాటరీ త్వరగ తరుగుట దీనికి చెల్లించు మూల్యము.

బలము పెరిగిన చోట చెవి ప్రమాదమును పెరుగును. వారమునకు 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు వినుట సురక్షితమనియు, అదే 90 డెసిబెల్స్ అయినచో వారమునకు 4 గంటలు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నాలుగు రెట్ల శక్తి దెబ్బలు పడు క్షణములను నెట్టుకొని వచ్చుటకే గాని, రైలు రొదను మించుటకు కాదు. రైలులో రొదను బయట నిలుపుటకు చెవికి బిగువుగ అమరు సరియైన కొలత రబ్బరు తొడుగు చాలును. దాని ధర స్వల్పము.

గట్టిగ వినబడుటయు, బాగుగ వినబడుటయు

"సౌండే వేరు" అను దుకాణపు మాట పూర్తిగ అబద్ధము కాదు. వాల్యూము సంఖ్యను మార్చక పిన్నును 3.5 నుండి 4.4కు మార్చినచో పాట సుమారు 6 డెసిబెల్స్ గట్టిగ మ్రోగును. గట్టిగ మ్రోగిన దానిని మనిషి చెవి మేలైనదిగ, నిండైనదిగ, స్పష్టమైనదిగ గ్రహించును. ఇది అందరి చెవుల స్వభావము. కనుక రెండు రంధ్రములను పోల్చదలచినవాడు ముందు ధ్వనిని సమము చేసికొనవలెను.

దానికి ప్రయోగశాల అక్కరలేదు. ఊరి ఎలక్ట్రీషియను చేతిలోని మల్టీమీటరు చాలును. చవుకరకపు మీటర్లు ఇంటి కరెంటు పౌనఃపున్యమునకే నమ్మదగినవి గనుక 50 హెర్ట్జ్‌ల ఏకస్వరము ఫైలు నొకదానిని ప్లేయరులో మ్రోగించి, మీటరును ఏసీ వోల్టుల మీద నిలిపి, హెడ్‌ఫోను తగిలియుండగనే 3.5 పిన్నున కొనకును మొదటికిని నడుమ ఎంత చూపునో వ్రాసికొనవలెను. పిదప 4.4 పిన్నున ఎడమ చెవికి చెందిన రెండు ముక్కల నడుమ, అనగా కొనకును దాని ప్రక్క వలయమునకును నడుమ, అంతియే వచ్చువరకు వాల్యూము తగ్గింపవలెను. పిన్ను లోపలికి పోయిన పిమ్మట ముక్కలు అందవు గనుక, విప్పదీయ వీలైన అతుకుతీగ నొకదానిని నడుమ పెట్టుకొనుట సుకరము. మీటరు కడ్డీ ఏ ఒక్కటియు రెండు ముక్కలకు ఒకేమారు తగులకుండ చూచుకొనవలెను. ఇట్లు సమము చేసి విన్న పిమ్మటను భేదము వినబడినచో అది నిజమైన భేదమే. దానికి సొమ్ము పెట్టుటలో తప్పు లేదు.

అతుకుల విషయమున జాగ్రత్త

ధర తగ్గింపగోరి అతుకుపిన్నులు కొనువారు ఈ ఒక్క నియమమును కంఠస్థము చేయవలెను. నాలుగు తీగల బ్యాలెన్స్‌డ్ హెడ్‌ఫోనును అతుకు ద్వారా 3.5 రంధ్రమునకు తగిలించుట నిరపాయము; రెండు తిరుగు తీగలును ఉమ్మడియగును, అంతే. దీనికి విపర్యయము, అనగా మూడు ముక్కల సాధారణ హెడ్‌ఫోనును అతుకు ద్వారా బ్యాలెన్స్‌డ్ రంధ్రమున గుచ్చుట, కూడని పని. బ్యాలెన్స్‌డ్ రంధ్రమున తిరుగు తీగయనునది భూమి కాదు, సజీవమైన యాంప్లిఫయరు. ఎడమ కుడి యాంప్లిఫయర్లను ఒకదానికొకటి ముడివేసినచో అవి పరస్పరము లాగికొని వేడెక్కి, రక్షణ లేని యంత్రమైనచో శాశ్వతముగ చెడును.

మూడు నల్లని గీతలుగల ప్రతి 3.5 పిన్నును బ్యాలెన్స్‌డ్ అని భ్రమపడరాదు. ఫోను ఇయర్‌ఫోనులందు నాలుగవ ముక్క మైకునకు చెందినది. తీగ విడదీయరాని హెడ్‌ఫోనునకు పిన్ను మాత్రము కోసి 4.4 అతికింపగోరువారు, లోపల నాలుగు తీగలు విడివిడిగ పిన్ను వరకు వచ్చినవో, రెండు పాయలు కలియు చోటనే తిరుగు తీగలు ముడివడినవో మొదట పరీక్షింపవలెను. ముడివడినచో అతికించుట వృథా మాత్రమే కాదు, పైన చెప్పిన ప్రమాదమే. మరియు 4.4 రంధ్రమున్నంత మాత్రమున వెనుక నాలుగు యాంప్లిఫయర్లున్నవని నమ్మరాదు. రంధ్రము పెద్దదై లోపల పాత రెండే యున్న చవుక యంత్రములును విపణిలో కలవు. రెండు రంధ్రములకును విడివిడిగ వోల్టులో, మిల్లీవాట్టులో ప్రకటింపని యంత్రమును సందేహింపవలెను.

ఏది ముందు, ఏది వెనుక

పరిమితమైన ద్రవ్యముగల శ్రోత క్రమమును ఇట్లు పాటింపవచ్చును. మొదట మేలైన నకలు: ద్వారం వారి పలక యైనను, సుశీల గారి పాట యైనను, శ్రద్ధతో తీసినది ఒకటి సంపాదించినచో దానికి సాటియగు వస్తువు లేదు. రెండవది చెవికి ఒదుగు హెడ్‌ఫోను. ధ్వనిస్వరూపమును నిర్ణయించునది అదియే. మూడవది ఆ హెడ్‌ఫోను నిరోధమునకు, సున్నితత్వమునకు చాలినంత బలముగల ప్లేయరు. నాలుగవ స్థానమున బ్యాలెన్స్‌డ్ రంధ్రము వచ్చును. 300 ఓముల హెడ్‌ఫోనో, ఆకలిగొన్న ప్లేనారో గలవానికి అది మూడవ స్థానమునకు ఎగబ్రాకును. సున్నితమైన ఇయర్‌ఫోనుతో మోనో పాటలు వినువానికి జాబితాలోనే చోటు లేదు.

ఆ రంధ్రమునకు హెచ్చు సొమ్మడుగు వర్తకుని అడుగవలసిన ప్రశ్న యొక్కటే: "నా హెడ్‌ఫోనుకి ఎన్ని వోల్టులు కావాలండీ, ఈ రంధ్రం ఎన్ని ఇస్తుంది?" ఉత్తరము అంకెలలో వచ్చినచో బేరము సాగింపవచ్చును. "వింటే మీకే తెలుస్తుంది సార్" అని వచ్చినచో, మల్టీమీటరును బల్ల మీద పెట్టి, ధ్వని సమము చేసి వినిపింపుడని కోరుట శ్రోతకు గల హక్కు.